ఉప్పుకు తోడు చక్కెర: పేగు గోడ చెప్పే పాఠం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పేవాళ్లం. ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని మీరు అడిగినప్పుడు ఏం చెప్పాలా అని ఆలోచించాం. బీపీ గురించి, గుండె గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. అందుకని తరగతి గదిలో మేము చెప్పే పాఠాల్లో ఒకదాన్నే ఎంచుకున్నాం. దాని పేరు వింటే భయం వేస్తుంది: ఉపకళా కణజాలం గుండా అయాన్ల మార్పిడి. పరీక్షల్లో పిల్లలు వదిలేసే ప్రశ్న ఇది. కానీ ఈ పాఠం తెలియకపోవడం వల్ల మన వీధుల్లో ఇంకా పసిపిల్లలు ప్రమాదంలో పడుతున్నారు. అది తెలిసిన రోజున ఏమైందో కూడా చరిత్రలో ఉంది.

ఒక ఇంట్లో రెండేళ్ల పిల్లవాడికి విరేచనాలు పట్టుకున్నాయనుకుందాం. తల్లి నీళ్లు పట్టబోతుంది. పెద్దావిడ, "నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతాయి, కడుపు ఎండనివ్వు" అంటుంది. తండ్రి, "సెలైన్ ఎక్కిస్తే గానీ తగ్గదు" అని అప్పు కోసం బయల్దేరతాడు. బాబాయి మెడికల్ షాపుకు వెళ్లి పండ్ల బొమ్మ ఉన్న డబ్బా తెస్తాడు. ముగ్గురికీ పిల్లవాడి మీద ప్రేమే. ముగ్గురి సలహాలోనూ లోపం ఉంది. ఆ లోపం ఎక్కడుందో తెలియాలంటే పేగు గోడ దగ్గరికి వెళ్లాలి.

గోడ, తలుపులు, పంపు

ఉప్పును నీటిలో వేస్తే కరిగిపోతుంది. కరగడమంటే సోడియం, క్లోరైడ్ విడిపోవడం. సోడియం మీద ధనావేశం ఉంటుంది, క్లోరైడ్ మీద రుణావేశం ఉంటుంది. ఇలా ఆవేశం ఉన్న రేణువులనే అయాన్లు అంటాం. మన రక్తం, కన్నీరు, చెమట అన్నీ ఇలాంటి అయాన్లు కరిగిన నీరే.

శరీరానికి లోపలా బయటా సరిహద్దులు ఉన్నాయి. చర్మం ఒక సరిహద్దు. పేగు లోపలి పొర మరొకటి. ఊపిరితిత్తులు, మూత్రపిండాల్లోని సన్నని గొట్టాలు, చేపల మొప్పలు అన్నీ సరిహద్దులే. ఈ సరిహద్దుల మీద ఇటుక పక్కన ఇటుక పేర్చినట్టు కణాలు వరుసగా ఉంటాయి. ఆ వరుసనే ఉపకళ అంటాం. పేగులో తిన్న అన్నం, తాగిన నీరు ఈ వరుస దాటి రక్తంలోకి చేరేదాకా మన శరీరంలోకి వచ్చినట్టు కాదు. గొట్టంలో ఉన్నట్టే లెక్క.

ఈ గోడ మామూలు గోడ కాదు. ప్రతి కణానికీ రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి పేగు వైపు, ఒకటి రక్తం వైపు. రెండు ముఖాల మీదా రకరకాల తలుపులు ఉంటాయి. ఏ తలుపు ఏ ముఖం మీద ఉందన్నదే అసలు కిటుకు. రెండు వైపులా ఒకే తలుపులుంటే ఏదీ ఒక దిక్కుకు కదలదు.

రక్తం వైపు ముఖం మీద ఒక పంపు ఉంది. అది 3 సోడియం అయాన్లను కణం నుంచి బయటికి తోసి, బదులుగా 2 పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఇది రాత్రీ పగలూ ఆగదు. మనం ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు ఐదో వంతు ఇలాంటి పంపులకే పోతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీతల కాలి నరాల మీద పరిశోధన చేసి దీన్ని పట్టుకున్నారు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఈ పంపుకు ఇంధనం ఏటీపీ అనే పదార్థం. దాన్ని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు గారి సోదరుడు స్ప్రూ అనే వ్యాధితో చనిపోయారు. పేగు గోడ ఆహారాన్ని పీల్చుకోలేకపోవడమే ఆ వ్యాధి. ఆయన అమెరికా వెళ్లి చదువుకోవడానికి తోడ్పడిన వాటిలో కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఒకటి. ధర్మసంస్థ ఒక విద్యార్థికి ఇచ్చే ఉపకార వేతనం ఎంత దూరం వెళుతుందో ఈ సభకు మేము వేరే చెప్పక్కర్లేదు.

పంపు పని వల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. బయట సుమారు 10 రెట్లు ఎక్కువ. అంటే సోడియం ఎప్పుడూ కణంలోకి దూరడానికి తోసుకుంటూ ఉంటుంది. చెరువు గట్టుకు ఆనుకుని నిలిచిన నీరులాంటిది అది. తూము ఎత్తితే చాలు, ప్రవాహం మొదలవుతుంది. ఆ ప్రవాహానికి మరో బరువును కట్టి లాగించుకోవచ్చు కూడా. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకో రెండు నియమాలు చెప్పి ముందుకు వెళతాం. ఒకటి, ఆవేశాల లెక్క సరిపోవాలి. ఒక ధనావేశం గోడ దాటితే వెంట ఒక రుణావేశం దాటాలి, లేదా బదులుగా మరో ధనావేశం ఇటు రావాలి. అయాన్ల మార్పిడి అనే మాట అక్కడి నుంచే వచ్చింది. రెండు, శరీరంలో నీటికి ప్రత్యేకంగా పంపంటూ లేదు. ఉప్పు ఎటు వెళితే నీరు అటు వెళుతుంది. ఈ రాత్రి మీరు మా ప్రసంగమంతా మరచిపోయినా ఈ ఒక్క వాక్యం మరచిపోకండి.

కప్ప చర్మం, పులస మొప్ప

ఈ సంగతులు మొదట కప్పలు, చేపల దగ్గర బయటపడ్డాయి. కోపెన్‌హేగన్‌లో హాన్స్ ఉస్సింగ్ అనే శాస్త్రవేత్త కప్ప చర్మం ముక్కను తీసి రెండు గదుల మధ్య తెరలా కట్టారు. రెండు గదుల్లోనూ ఒకే ఉప్పునీరు పోశారు. అటూ ఇటూ ఉప్పు సమానం కాబట్టి ఏమీ కదలకూడదు. కానీ సోడియం చర్మం బయటి వైపు నుంచి లోపలి వైపుకు కదులుతూనే ఉంది. ఆ కదలిక వల్ల పుట్టే విద్యుత్తును ఆయన కొలిచారు. అది కదిలిన సోడియం లెక్కతో సరిపోయింది. 1951లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చెరువు నీటిలో ఉప్పు దాదాపు లేకపోయినా కప్ప తన ఒంట్లో ఉప్పు ఎలా నిలుపుకుంటుందో దానితో తెలిసింది. చర్మమే ఉప్పును ఏరుకుంటుంది.

ఇక గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారికి పులస గురించి చెప్పాలా? పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత అందరికీ తెలుసు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వరదల కాలంలో ఎర్రనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చాక పులస అంటారు. పేరు మారడం నాలుక మీది రుచికి సంబంధించిన సంగతి. చేప ఒంట్లో జరిగే మార్పు ఇంకా పెద్దది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. చేప రక్తంలో ఉండేది దానిలో మూడో వంతుకు అటూ ఇటూ. కాబట్టి సముద్రంలో ఉన్న చేప ఒంటి నీరు నిత్యం బయటికి పోతూ ఉంటుంది. చేప సముద్రపు నీటినే తాగి, అదనంగా వచ్చిన ఉప్పును మొప్పల ద్వారా బయటికి నెట్టేస్తుంది. దాని మొప్పల్లో ఇందుకోసమే ప్రత్యేక కణాలున్నాయి. 1932లోనే వాటిని గుర్తించారు. అదే చేప నదిలోకి వస్తే పరిస్థితి తలకిందులవుతుంది. ఇప్పుడు బయటి నీరు చప్పన. నీరు ఒంట్లోకి చొరబడుతుంది, ఒంట్లోని ఉప్పు జారిపోతుంది. కాబట్టి మొప్పలు ఉప్పును బయటికి నెట్టడం మాని, నది నీటి నుంచి ఏరుకోవడం మొదలుపెట్టాలి. మంచినీటి చేపల మొప్పలు సోడియం తీసుకుని బదులుగా హైడ్రోజన్ అయాన్ వంటి వాటిని, క్లోరైడ్ తీసుకుని బదులుగా బైకార్బొనేట్‌ను ఇస్తాయి. మనం ఇందాక చెప్పుకున్న ఆవేశాల లెక్క ఇదే. గోడ ఒక్కటే. తలుపులు మారితే దిక్కు మారుతుంది.

సముద్రపు చేప మొప్పల్లో క్లోరైడ్‌ను బయటికి వదిలే తలుపు ఒకటి ఉంది. అదే జాతి తలుపు మన పేగు గోడలోనూ ఉంది. చేపను సముద్రంలో బతికించే తలుపే, అదుపు తప్పితే మన పిల్లల ఒంట్లో నీటిని బయటికి పారబోస్తుంది. ఇక అక్కడికే వస్తున్నాం.

కలరా ఏ తలుపు తీస్తుంది

మనం రోజుకు తాగేది, తినేవాటిలో ఉండేది కలిపి సుమారు 2 లీటర్ల నీరు. కానీ పేగులోకి చేరేది 8 నుంచి 9 లీటర్లు. మిగతాది లాలాజలం, జఠరరసం, పైత్యరసం, పేగు రసాలుగా శరీరమే పోస్తుంది. చివరికి మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మిగిలినదంతా పేగు గోడ తిరిగి రక్తంలోకి లాగేస్తుంది. పెద్దవాళ్ల చిన్నపేగు లోపలి పొరను పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లు వస్తుంది. అంత గోడ మీద ఒకవైపు ఉప్పును వదిలే తలుపులు, మరోవైపు ఉప్పును లాక్కునే తలుపులు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లాక్కునేవే గెలుస్తాయి.

కలరా క్రిమి కణంలోకి చొరబడదు. పేగు గోడకు అతుక్కుని ఒక విషాన్ని వదులుతుంది. ఆ సంగతిని రుజువు చేసింది కలకత్తాలో పనిచేసిన శంభునాథ్ దే. క్రిములను వడగట్టి తీసేసిన ద్రవం కూడా కుందేలు పేగును నీటితో ఉబ్బిస్తుందని 1959లో ఆయన చూపించారు. అంతవరకూ క్రిమిని చంపడం ఎలాగా అన్నదే ఆలోచన. నీరు ఏ దారిన పోతోందన్న ప్రశ్న అక్కడి నుంచి బలపడింది. ఆయనకు బతికుండగా తగిన గుర్తింపు రాలేదు.

ఆ విషం రెండు పనులు చేస్తుంది. క్లోరైడ్‌ను వదిలే తలుపును తెరిచి, మూసుకోనివ్వదు. క్లోరైడ్ పేగులోకి పారుతుంది. ఆవేశాల లెక్క ప్రకారం సోడియం దాని వెంట వెళుతుంది. ఉప్పు వెళ్లిన చోటికే నీరు వెళుతుంది. రెండో పని, సోడియం, క్లోరైడ్ మామూలుగా కలిసి లోపలికి వచ్చే తలుపును మూసేస్తుంది. వదిలే తలుపు తెరిచి, లాక్కునే తలుపు మూస్తే ఏమవుతుందో ఊహించండి. తీవ్రమైన కలరాలో పెద్దవారి ఒంట్లో నుంచి గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు. ప్రాణం తీసేది క్రిమి కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ లేకపోవడం. పిల్లలకు వచ్చే మామూలు విరేచనాల్లో క్రిములు వేరు, తీవ్రత వేరు. ప్రమాదం మాత్రం అదే.

ఇక్కడే పెద్దావిడ మాట తేలిపోతుంది. నీళ్లు ఇవ్వడం వల్ల విరేచనాలు కావడం లేదు. గోడ ఉప్పును వదిలేస్తోంది కాబట్టి నీరు పోతోంది. నీళ్లు ఆపినా పేగు తన పని ఆపదు. ఒంట్లోని నీటినే తోడి పోస్తుంది. అలాగని ఉత్త నీళ్లు ఇస్తే? ఉప్పు లేనిదే నీరు లోపలికి వెళ్లదు. ఉప్పునీళ్లు ఇస్తే? మామూలుగా ఉప్పును తీసుకునే తలుపు మూసుకుంది. మరి దారేది?

మూయలేకపోయిన తలుపు

1960లో ప్రేగ్ నగరంలో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే ఆయన ఒక ఊహ ముందుపెట్టారు. పేగు గోడలో గ్లూకోజ్ లోపలికి వచ్చే తలుపు ఒకటి ఉంది, అది సోడియం తోడు లేకుండా తెరుచుకోదు అన్నారు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇదే. సోడియం తోసుకొచ్చే బలాన్ని వాడుకుని గ్లూకోజ్ లోపలికి వస్తుంది. ఆ తలుపు గుండా ఒక గ్లూకోజ్‌కు 2 సోడియం అయాన్లు వస్తాయని తర్వాత లెక్క తేలింది.

దీన్ని తిరగేసి చూడండి. సోడియం లేనిదే గ్లూకోజ్ రాదంటే, గ్లూకోజ్ ఇస్తే సోడియం వస్తుందన్నమాట. సోడియం వస్తే నీరు వస్తుంది. కలరా విషం ఆ మామూలు తలుపును మూసింది గానీ ఈ జంట తలుపును ముట్టుకోలేకపోయింది. పేగు ఎంత విలవిల్లాడుతున్నా ఈ ఒక్క తలుపు పనిచేస్తూనే ఉంటుంది. దాని తాళంచెవి కొద్దిగా చక్కెర.

1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్, వారి సహచరులు కలరా రోగులకు చక్కెర కలిపిన ఉప్పునీరు తాగించి చూశారు. సెలైన్ అవసరం సుమారు 80 శాతం తగ్గింది. అయినా చాలామంది వైద్యులు నమ్మలేదు. ఇంత మామూలు మందు ఇంత పెద్ద జబ్బుకు పనిచేస్తుందా అన్నారు.

1971 వచ్చింది. తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది వరకు శరణార్థులు భారతదేశంలోకి వచ్చారు. సరిహద్దు పట్టణం బనగావ్ శిబిరాల్లో కలరా చెలరేగింది. నేల మీదే రోగులు, పైగా సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి. అక్కడ ఉన్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ తెగించి ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా లెక్కన కలకత్తాలో పొట్లాలు కట్టించారు. ప్లాస్టిక్ సంచుల అంచులను ఇస్త్రీ పెట్టెతో అతికించారు. శిబిరంలో డ్రమ్ముల్లో కలిపి ఉంచారు. తాగించింది డాక్టర్లు కాదు. రోగుల తల్లులు, అన్నదమ్ములు, పక్క పడకవాళ్లు. అంతకుముందు 30 శాతం వరకు ఉన్న మరణాలు, ఈ ద్రావణం ఇచ్చిన రోగుల్లో 3.6 శాతానికి దిగాయి. 2022లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు.

స్వతంత్ర దేశమైన బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్లలో కోటికి పైగా ఇళ్లకు వెళ్లింది. మూడు వేళ్లతో పట్టిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లు కలపడం ఒక్కొక్క తల్లికీ నేర్పింది. నేర్పిన కార్యకర్తకు జీతం ఎన్ని ఇళ్లకు వెళ్లిందన్న లెక్కను బట్టి ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత తల్లికి ఎంత గుర్తుందన్న దాన్ని బట్టి ఇచ్చింది. సేవా సంఘాలు నడిపే మనం ఆ పద్ధతిని ఒకసారి ఆలోచించాలి.

పాళ్లు ఎందుకు ముఖ్యం

ఇప్పుడు బాబాయి తెచ్చిన డబ్బా సంగతి. కొద్దిగా చక్కెర మంచిదైతే ఎక్కువ చక్కెర ఇంకా మంచిది కాదా అని అడుగుతారు. కాదు. తలుపుల సంఖ్యకు పరిమితి ఉంది. లోపలికి వెళ్లలేక పేగులో మిగిలిపోయిన చక్కెర, ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. విరేచనాలు పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సూచిస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. లీటరుకు మిల్లీమోల్‌ల లెక్కలో సోడియం 75, గ్లూకోజ్ 75. సరిసమానం. ఈ అంకెలు పేగు గోడను చదివి రాసినవి. కూల్‌డ్రింకుల్లో అయితే లీటరుకు చక్కెర 100 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, ఉప్పు నామమాత్రం.

ఓఆర్ఎస్ పేరును డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసి తీపి పానీయాలు అమ్మడం మనదేశంలో చాలాకాలం సాగింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లకు సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అయినా కొనేటప్పుడు చదివి కొనాలి. ఆ పాళ్లు పొట్లం మీద రాసి ఉన్నాయో లేదో చూడాలి. కొబ్బరినీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాలకు ఓఆర్ఎస్ బదులు అవి చాలవు.

ఇక తండ్రి చెప్పిన సెలైన్. అది వద్దని మేము అనడం లేదు. పిల్లవాడు మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, కళ్లు లోపలికి పోయి, చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, మూత్రం ఆగిపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. దారిలో కూడా తాగించగలిగితే తాగిస్తూనే ఉండాలి. మలంలో రక్తం కనిపించినా డాక్టరుకు చూపించాలి. కానీ తాగగలిగిన పిల్లవాడికి సెలైన్ చేసే పనిని గ్లాసు, చెంచా చేస్తాయి. దానికి అప్పు చేయక్కర్లేదు.

ఇంట్లో చేయవలసింది

లీటరు పొట్లమైతే లీటరు మంచినీటిలో, 200 మిల్లీలీటర్ల పొట్లమైతే ఆ కొలత నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. లీటరు పొట్లంలో సగం విప్పి గ్లాసులో కలిపితే ద్రావణం చిక్కబడి హాని చేస్తుంది. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. పంచదార గానీ, మరేదైనా పొడి గానీ అదనంగా కలపకూడదు. కలిపింది 24 గంటల్లో వాడి, మిగిలితే పారబోయాలి.

రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటినవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, పెద్దవాళ్లకు తాగగలిగినంత. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. అన్నం మాన్పించకూడదు. పేగు గోడలోని కణాలు 3 నుంచి 5 రోజుల్లో కొత్తవి వస్తాయి. కొత్త ఇటుకలు పేర్చడానికి సరుకు కావాలి కదా. జింక్ మాత్రలు కూడా డాక్టరు చెప్పినట్టు 10 నుంచి 14 రోజులు వేయాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానకూడదు.

పొట్లం దొరకని వేళ లీటరు మంచినీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపాలి. చెంచా గోపురంలా నింపకుండా తలం గీసి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. నాలుక మీద వేసుకుంటే కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు. మన పెద్దలు ఇచ్చిన ఉప్పు వేసిన గంజిలో కూడా ఈ శాస్త్రమే ఉంది. గంజిలోని పిండి పేగులో కొంచెం కొంచెంగా గ్లూకోజ్‌గా మారుతుంది. ఒకేసారి చిక్కదనం పెంచకుండా తాళంచెవిని అందిస్తూ ఉంటుంది. కలరాలో బియ్యంతో చేసిన ద్రావణం విరేచనాల పరిమాణాన్ని తగ్గించిందని పరీక్షల్లో తేలింది.

షుగర్ ఉన్న పెద్దలకు ఒక మాట. పేగులోని ఈ జంట తలుపుకు చెల్లెలులాంటి తలుపు మూత్రపిండాల్లో ఉంది. వడపోతలో జారిన గ్లూకోజ్‌ను సోడియంతో పాటు అది రక్తంలోకి తిరిగి తెస్తుంది. దాన్ని మూసి, చక్కెరను మూత్రంలోకి పంపే మాత్రలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వాటి మందు పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటుంది. మంచి మందులే. కానీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు వాటిని కొనసాగించాలా ఆపాలా అన్నది వెంటనే డాక్టరును అడగాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి చిక్కు తేవచ్చు. షుగర్ ఉన్నా విరేచనాలప్పుడు సరైన ఓఆర్ఎస్ తాగవచ్చు, తాగాలి.

సంఘానికి మా విన్నపం

ప్రపంచంలో ఇప్పటికీ ఏటా ఐదేళ్లలోపు పిల్లలు 4 లక్షలకు పైగా విరేచనాల వల్ల చనిపోతున్నారు. మనదేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, విరేచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది సుమారు 60 శాతానికే. మిగతావారికి అందకపోవడానికి కారణం ధర కాదు. అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. ఎందుకు పనిచేస్తుందో ఇంటింటికీ చెప్పినవారు లేకపోవడమే లోటు. పని చేసే తీరు తెలియని మందును జనం చులకనగా చూస్తారు. మంచినీళ్లలాంటి మందు కంటే సూదిమందునే నమ్ముతారు.

అందుకే సంఘం ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాం. మన చలివేంద్రాల్లో, వైద్య శిబిరాల్లో ఓఆర్ఎస్ పొట్లాలు పంచేటప్పుడు వాటిని ఊరికే చేతికివ్వకుండా, తల్లి చేత మన ముందే ఒకసారి కలిపించాలి. నెల తర్వాత మళ్లీ వెళ్లి ఆమెకు ఎంత గుర్తుందో అడగాలి. మన బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ పాఠం చెప్పాలి. రేపు తమ్ముడికి విరేచనాలైతే ఇంట్లో పెద్దలకు నచ్చజెప్పగలిగేది వాళ్లే. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఓఆర్ఎస్ పోయిన నీటిని తిరిగి ఇస్తుందే తప్ప జబ్బును రానివ్వకుండా ఆపదు. ఆపేది శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, సబ్బుతో కడిగిన చేతులు. మన పేటల్లో మురుగుకాలువ పక్కనే తాగునీటి గొట్టం పోతున్న చోట్లను రాసుకుని, మున్సిపాలిటీ వారి వెంట పడవలసిన బాధ్యత సంఘానిదే.

కప్ప చర్మం ముక్కను కొలిచిన శాస్త్రవేత్తకు తన లెక్క ఏ పసివాడి ప్రాణం కాపాడుతుందో తెలియదు. పీత నరాలను నూరినవారికీ తెలియదు. వారి పని వారు నిజాయతీగా చేశారు. ఆ జ్ఞానం ఒక్కొక్క మెట్టూ దిగి ఇవాళ కొద్ది రూపాయల పొట్లంగా మన చేతిలోకి వచ్చింది. చివరి మెట్టు మాత్రం మిగిలి ఉంది. అది పొట్లానికీ పిల్లవాడి నోటికీ మధ్య ఉన్న దూరం. ఆ దూరం దాటించవలసింది మనమే.